తట్టిన చెయ్యి

వైస్ చాన్సలర్ జయప్రకాష్ వీడియోను మధ్యలో ఆపాడు. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చూశాడు. చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేశాడు.

బల్లకు ఇవతల ఖోఖో కోచ్ రోజా, ఆమె పక్కన సుమన నిలబడి ఉన్నారు. కూర్చోమని ఆయన రెండుసార్లు అన్నా సుమన కూర్చోలేదు. మంజీరా విశ్వవిద్యాలయం ఖోఖో జట్టులో ఆ పిల్లంత వేగంగా లేచి పరిగెత్తేవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం కాలి వేళ్లతో చాప అంచును మడుస్తూ, తీస్తూ నిలబడింది.

ఫోన్‌లో ఉన్నది అమ్మాయిల హాస్టల్ వంటగది. వంటమనిషి బస్తా విప్పి బియ్యం చాటలో పోశాడు. చాటలో బియ్యం కదులుతున్నట్టుంది. దగ్గరగా చూస్తే కదిలేవి పురుగులు. రెండు చెరుగులు చెరిగి, పోయినవి పోగా మిగిలినవాటితో సహా గిన్నెలోకి ఒంపాడు. ఆ అన్నం తిన్నాకే జట్టులో ఇద్దరు పిల్లలు వాంతులతో నిజామాబాద్ పెద్దాసుపత్రిలో చేరారు. ఇంకా అక్కడే ఉన్నారు.

"ఎక్కడ నిలబడి తీశావమ్మా?" అని అడిగాడు జయప్రకాష్.

"పిండి డ్రమ్ము ఎనక కూసున్న సార్. నన్ను ఎవ్వలు సూడలే."

"ఎవరికైనా చూపించావా?"

"రోజా మేడంకే. ఇంట్ల అవ్వకు గూడ చెప్పలే."

ఆయన లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. వీసీ అయినా ఆయన నడక మారలేదు. మడమ సరిగ్గా నేలకు ఆనదు, ఏ క్షణాన్నైనా పక్కకు తిరగడానికి సిద్ధంగా ఉన్నట్టు నడుస్తాడు. గోడ మీద పటాల్లో ఆయన ఆటగాడిగా గెలిచిన కప్పు ఒకటి, కోచ్‌గా గెలిపించిన కప్పు ఒకటి. రెండో పటంలో ఆయన పక్కనే రెండు జడలతో నవ్వుతున్న పిల్ల రోజాయే.

"ఇది నీ ఫోన్‌లో ఉండటం నీకే మంచిది కాదు. రేపు ఎవడో ఒకడు లాక్కుంటాడు. నాకు పంపించి నీ దాంట్లోంచి తీసెయ్. నా దగ్గరుంటే ఏ మొనగాడూ ముట్టలేడు," అన్నాడు.

సుమన రోజా వైపు చూసింది. రోజా తల ఊపింది.

ఆ తర్వాత వారమంతా రోజాను తొలిచేసింది ఆ తల ఊపడమే.

వరండాలోకి వచ్చాక సుమన గొంతు తగ్గించి, సారు నిజంగా ఏమైనా చేస్తాడా అని అడిగింది. రోజా ఆ పిల్ల జడ పట్టుకుని మెల్లగా లాగింది. "నా కాళ్లకు దమ్ము ఇచ్చినోడే ఆయన. మాకు జొరమొస్తె బోధన్ దాక స్కూటర్ మీద తీస్కపోయి సూది ఏయించేటోడు. నువ్వు పోయి ప్రాక్టీస్ చెయ్, పో."

*

ఖోఖో కోర్టు పరిపాలనా భవనం వెనక, బోధన్ రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. ఆ నేల నల్లరేగడి. ఒక్కపూట ఎండితే చాలు, పగుళ్లిచ్చి కాలి వేళ్లు పట్టేస్తుంది. అందుకే ఏటా కాలవ పూడిక మట్టి తెచ్చి జల్లెడ పట్టి పోస్తారు. సాయంత్రం ఆట కాగానే నీళ్లు చల్లి, మెస్సులో ఖాళీ అయిన గోనెసంచులు తడిపి కోర్టంతా పరుస్తారు. పొద్దున్నే సంచులు ఎత్తితే నేల అప్పుడే ఒత్తిన రొట్టెలా మెత్తగా ఉంటుంది. ఈ పద్ధతి కూడా జయప్రకాష్ నేర్పిందే.

రెండోనాడు పొద్దున పిల్లలు సంచులు ఎత్తుతుండగా ఒక ట్రాలీ ఆటో తాడు దాకా వచ్చి ఆగింది. మెస్ కాంట్రాక్టర్ దిలీప్ దిగాడు. జయప్రకాష్ వాళ్లది వర్ని దగ్గర ఒక క్యాంపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొనుక్కున్న రైతుల ఊరు. దిలీప్‌దీ అదే క్యాంపు. తెల్లచొక్కాకు మట్టి అంటకుండా అటే నిలబడి, మెస్ సంచులన్నీ తీసుకుపోవడానికి వచ్చానని చెప్పాడు.

"ఇన్నేండ్ల సంది పరుస్తున్నం. ఇయ్యాలనే యాదికొచ్చినయా దిలీప్ గారు?" అంది రోజా.

"యూనివర్సిటీ ఆస్తి మేడం. మట్టిలో కుళ్లబెడితే దేవుడు ఒప్పుకోడు." కూలీలకు చేత్తో సైగ చేశాడు. తర్వాత సుమన వైపు తిరిగి, పాత స్నేహితుణ్ని పలకరించినట్టు పలకరించాడు. "ఏమ్మా, పిండి డ్రమ్ము వెనకాల ఇరుగ్గా ఉందంట కదా. ఈసారి వచ్చేముందు చెప్పు, కుర్చీ వేయిస్తాను."

సుమన చేతిలోని తడిసంచి జారిపోయింది. ఆ పిల్ల దిలీప్‌ను చూడలేదు, రోజాను చూసింది.

డ్రమ్ము సంగతి తెలిసింది ముగ్గురికి. వాళ్లలో ఇద్దరు ఈ కోర్టు మీదే నిలబడి ఉన్నారు.

కూలీలు సంచులు విసురుతున్నారు. తన కాలి దగ్గర పడి ఉన్నదాన్ని రోజా వంగి ఎత్తింది. రోజూ పరిచే సంచే, రోజూ చూసే గుర్తే. అడ్డంగా వేసిన రెండు ఆకుపచ్చ చెరకు గడలు. ఇన్నాళ్లూ కళ్లకు కనబడింది గాని తలకెక్కలేదు. ఆ గుర్తు ఆమె ఒక ఇనుప గేటు మీద కూడా చూసింది. కప్పు గెలిచిన ఏడాది సారు జట్టునంతా తమ క్యాంపుకు తీసుకుపోయాడు. ఆయన అన్న వెంకట్రావు మిల్లు వాకిట్లో ఆకులు వేసి భోజనం పెట్టించాడు. బియ్యం మిల్లుకు చెరకు గుర్తేమిటని రోజా అడిగితే, బోధన్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో నాన్న పండించింది చెరకేనమ్మా, ఆ గుర్తు పోనివ్వబుద్ధి కాలేదు అని వెంకట్రావు నవ్వాడు.

సారు బొమ్మను పెద్దది చేసింది పురుగుల కోసం కాదు. వంటమనిషి విప్పిన బస్తా మీద ఈ గడలు కనబడుతున్నాయో లేదో చూడటానికి.

రోజా ఆ సంచిని నాలుగు మడతలు వేసి తన కిట్ బ్యాగులో అడుగున పెట్టింది. దిలీప్ సంచులు లెక్కపెట్టుకోలేదు.

*

వీసీ చాంబర్‌కు పోయి అడిగేద్దామని రోజా అనుకుంటుండగానే, సాయంత్రం ఆయనే కోర్టు దగ్గరికి వచ్చాడు. ఎప్పటిలాగే తాడు దగ్గర బూట్లు విడిచి లోపలికి అడుగు పెట్టాడు. మడమతో నేలను నొక్కి చూశాడు.

"తడి తక్కువైంది," అన్నాడు.

"సంచులు తీస్కపోయిండ్రు సార్."

ఆయన స్తంభం దాకా నడుస్తూ, తలవని తలంపుగా గుర్తొచ్చినట్టు, ఆమె ఉద్యోగం పర్మినెంట్ చేసే ఫైలు తన బల్ల మీదికి వచ్చిందని చెప్పాడు. తర్వాత మంగళవారం స్పోర్ట్స్ కౌన్సిల్ మీటింగ్ ఉందన్నాడు. హాస్టల్ మీద పుకార్లు పుట్టించి యూనివర్సిటీ పరువు తీసిందని సుమన మీద ఫిర్యాదు వచ్చిందట. ఆ పిల్లను జట్టు నుంచి, స్పోర్ట్స్ హాస్టల్ నుంచి తీసేయాలట.

"వీడియో ఉంది గద సార్."

జయప్రకాష్ ఆగి ఆమె వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. కొత్తగా చేరిన పిల్లకు ఆట నియమం చెప్పేటప్పటి ఓపిక ఉంది.

"ఏ వీడియో రోజమ్మా?"

రోడ్డు మీద చెరకు ట్రాక్టరు ఒకటి రొదచేస్తూ పోయింది.

అప్పుడాయన బుజ్జగింపుగా చెప్పుకొచ్చాడు. ఒక్క సీజన్ ఓపిక పట్టమన్నాడు. మెస్ మార్చేస్తానన్నాడు. అన్నయ్య చేసిందంతా తనకు తెలియదని, ఇప్పుడు బయటపడితే తన కుర్చీ పోతుందని, కుర్చీ పోతే ఈ కోర్టు కూడా మిగలదని అన్నాడు. ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే తడబడింది. అందుకే రోజాకు ఇంకా మంట పుట్టింది.

కోచ్ ఒప్పుకోనిదే ఏ ఆటగత్తెనూ జట్టు నుంచి తీసేయడానికి లేదు. పై అధికారులు తమ పిల్లల కోసం పేదపిల్లల్ని తప్పిస్తున్నారని జయప్రకాష్ కోచ్‌గా ఉన్న రోజుల్లో కొట్లాడి పెట్టించిన నియమం అది. ఆ నియమం వల్లే అప్పట్లో రోజా జట్టులో నిలిచింది.

"మీటింగ్ల నేను లేవ సార్," అంది.

"ఇప్పుడే చెప్పకు," అని నవ్వి, బూట్లు వేసుకోవడానికి వంగాడు. "ఆట మొదలవకముందే చెప్పే మాటలు నేను లెక్కలోకి తీసుకోను."

*

జయప్రకాష్ మీటింగుల్లో చేతులెత్తే పద్ధతి లేదు. చేతులెత్తడం ఓడిపోయినవాళ్ల పని అంటాడు. సమ్మతించేవాళ్లు లేచి నిలబడాలి, సమ్మతించనివాళ్లు కూర్చోవాలి. మొదట్లో అధ్యాపకులు నవ్వుకున్నారు గాని ఇప్పుడు అదే రివాజు.

మంగళవారం బల్ల చుట్టూ పదిమంది దాకా కూర్చున్నారు. రోజాకు ఎదురుగా నర్సన్న ఉన్నాడు. జిల్లాలో ఖోఖో పోటీ ఎక్కడ జరిగినా ఈల ఆయనదే, ముసలి అంపైర్. ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, ఇప్పుడూ చొక్కా జేబులోంచి దాని తాడు వేలాడుతోంది. సుమనను పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టారు.

రోజా కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు గట్టిగా ఆనించి కూర్చుంది. ఏం అనాలో మనసులో కూడబలుక్కుంది. సంచి బ్యాగులోనే ఉంది. లేవకపోతే చాలు, ఎందుకు లేవలేదని ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు అన్నీ చెబుతుంది.

జయప్రకాష్ నిలబడి మాట్లాడుతున్నాడు. క్రమశిక్షణ, సంస్థ పరువు, జట్టు స్ఫూర్తి. మాట్లాడుతూ కుర్చీల వెనక నడుస్తున్నాడు. అది ఆయన అలవాటు కనక ఎవరూ పట్టించుకోలేదు. "సమ్మతించేవారు లేవండి," అన్నాడు. అటు చివర కుర్చీలు జరిగాయి. రోజా ముందుకు వంగి నోరు తెరవబోయింది.

సరిగ్గా అప్పుడు ఆమె వీపు మీద, రెండు రెక్కల నడుమ, నాలుగు వేళ్లు తగిలాయి.

ఆమె లేచి నిలబడింది.

లేచిందని తెలిసేసరికి కుడికాలు ఒక అడుగు ముందుకు పడింది కూడా. కుర్చీ వెనక్కి పడి చప్పుడైంది. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ వేళ్లు ఆ చోట తగలగానే లేచింది ఆమె ఒళ్లు. తల ఏమనుకుందో అది ఒంటికి అక్కర్లేకపోయింది.

అంతదాకా కూర్చున్న నర్సన్న, కోచ్ లేవడం చూసి మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. ఆయన చూపు మాత్రం రోజా ముఖం మీదే ఆగిపోయింది.

"అందరూ సమ్మతించారు. టీ పంపించండి," అన్నాడు జయప్రకాష్.

"సార్, నేను..." అంది రోజా. కుర్చీల చప్పుడులో, కప్పుల చప్పుడులో ఆ మాట ఎటో పోయింది. తలుపు దగ్గర సుమన లేదు.

ఆయన దగ్గరికి వచ్చి, పడిన కుర్చీని తనే ఎత్తి నిలబెట్టాడు. ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. "చూశావా? ఎవరి మాట వినాలో ఒంటికి తెలుసు."

*

సుమన వాళ్లది నవీపేట్. రోజా షేర్ ఆటో దిగి ఇల్లు వెతుక్కుని పోయేసరికి సుమన తల్లి రాధాబాయి వాకిట్లో గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు. కూతురి కోచ్ వచ్చిందని తెలిసినా ఆమె చేతులు ఆగలేదు. కూర్చోమని కళ్లతోనే గుమ్మం చూపించింది. లోపల గదిలో సుమన ఉన్నట్టు గాజుల చప్పుడు వినబడింది, బయటికి మాత్రం రాలేదు.

రోజా ఏవేవో చెప్పడం మొదలుపెట్టింది. కౌన్సిల్, నియమం, పై అధికారులకు ఉత్తరం రాస్తానని. రాధాబాయి అంతా విన్నది.

"బిడ్డ ఇంటికొచ్చి ఒక్కటే మాటన్నది," అంది చివరికి. "ఆ మెస్సోని మీద కోపం లేదంట. ఆ పెద్ద సారు మీద గూడ లేదంట. 'మేడం లేసిందవ్వా' అన్నది. గంతే. మల్ల అన్నం తినలే."

"నేను లేవలే అక్కా. నా ఒళ్లు లేసింది."

"ఒళ్లు ఎవలది మరి?"

రాధాబాయి ఆకు తీసింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం తిప్పింది. వేళ్ల వైపు ఒకసారైనా చూడలేదు. చుట్టినదాన్ని చాటలో వేయబోయి ఆగి, వెలుగుకు పట్టి చూసింది. ఎక్కడో వదులైంది. దారం తెంపింది, ఆకు విప్పింది, తంబాకు చాటలోకి దులిపింది, అదే ఆకును మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

రోజా ఆ చేతులను చాలాసేపు చూసింది. తర్వాత లేచి చెప్పులు వేసుకుని, గది వైపు తిరిగి కాస్త గట్టిగా చెప్పింది. "సుమనా, శనివారం కాలేజీల పోటీలు మొదలైతున్నయి. నువ్వు ఆడకున్నా మంచిదే. వచ్చి తాడు కాడ నిలబడు."

లోపల గాజుల చప్పుడు ఆగిపోయింది.

*

శనివారం పొద్దున కోర్టు చుట్టూ రంగు జెండాలు కట్టారు. నిజామాబాద్ నుంచి విలేకరులు వచ్చారు. ఎన్నో కాలేజీల జట్లు వరుసల్లో నిలబడ్డాయి. ఆ పోటీలకు ఒక ఆనవాయితీ ఉంది. రిబ్బన్ కత్తిరించడం ఉండదు. పాత క్రీడాకారులు నడిమి గీత మీద ఎనిమిది గళ్లల్లో కూర్చుంటారు. ముఖ్య అతిథి వెనక నుంచి వచ్చి ఒకరి వీపు తట్టి మొదటి ఖో ఇస్తాడు. ఆ మనిషి లేచి పరిగెత్తితే పోటీలు మొదలైనట్టు. జయప్రకాష్ వీసీ అయ్యాక ఆ మొదటి ఖో ప్రతిసారీ రోజాకే. మరునాటి పేపర్లో గురుశిష్యుల ఫొటో వస్తుంది.

రోజా తన గడిలో ఒక మోకాలు వంచి, రెండు అరచేతులూ నేలకు ఆనించి కూర్చుంది. పొద్దు వీపున ఉంది. ఎదురుగా తాడు, తాడు దగ్గర జనం. తెల్లవారకముందే వచ్చి ఆ తాడు పక్కనే, బూట్లు విడిచే చోట ఒక గోనెసంచి పరిచి పెట్టింది.

జయప్రకాష్ చప్పట్ల మధ్య వచ్చాడు. నవ్వుతూ ఒక బూటు విడిచాడు, రెండోది విడిచాడు. రెండూ సంచి మీద సర్దబోతూ కిందికి చూశాడు. బూట్ల కింద ఆకుపచ్చ చెరకు గడలు రెండు. నవ్వు అలాగే ఉంది గాని, వంగిన మనిషి లేవడానికి కొంచెం ఆలస్యమైంది. తర్వాత ప్యాంటు మడిచి, రోజా వైపు చూడకుండా స్తంభం దగ్గరికి పోయాడు.

జనం కాస్త పక్కకు జరిగారు. వాళ్ల నడుమ నుంచి సుమన వచ్చి తాడు పట్టుకుని నిలబడింది. యూనిఫాం లేదు. ఇంట్లో కట్టుకునే పంజాబీ డ్రెస్సులో ఉంది.

నర్సన్న ఈల ఊదాడు. వెనక నుంచి మునివేళ్ల పరుగు వినబడింది. రోజాకు ఆ పరుగు చప్పుడు తెలుసు. ఏ గడి దగ్గర ఎంత వేగం తగ్గుతుందో తెలుసు. ఆయన నీడ ఆమెను దాటి ముందున్న మట్టి మీద పడింది. రెక్కల నడుమ నాలుగు వేళ్లు తగిలాయి.

"ఖో!"

కోర్టంతా మోగిన ఆ గొంతుకు ఆమె పిక్కలు బిగుసుకున్నాయి. మడమ నేల నుంచి లేచింది. రోజా వేళ్లను తడిమట్టిలోకి గుచ్చింది. గోళ్ల కింద మట్టి ఎక్కింది. మడమ వణికి వణికి మళ్లీ నేలకు ఆనింది.

కెమెరాల వాళ్లు ఎదురుచూస్తున్నారు.

"ఖో, రోజమ్మా," అన్నాడాయన నవ్వుతూ. జనం కూడా నవ్వారు. వయసైంది మేడంకు, కాళ్లు పట్టేసినట్టున్నయి అని ఎవరో జోకు వేశారు.

మూడోసారి ఆయన వంగి చెవి దగ్గర అన్నాడు. అందులో నవ్వు లేదు. "లేవ్వే."

రోజా వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఉన్న సుమననే చూస్తూ, నడిమి గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడేటట్టు చెప్పింది.

"మంగళవారం మీటింగ్ల మీరు నన్ను ఎనక నుంచి తట్టిండ్రు సార్. ఖో అనలే. మాట లేకుండ తడ్తె ఫౌల్ అని మీరే నేర్పిండ్రు. ఫౌల్‌ల లేసినోళ్లు మల్ల కూసోవాలె. నేను కూసున్న. సుమనను తీసేసుడుకు కోచ్‌గ నా ఒప్పుదల లేదు. ఆ పిల్ల ఫోన్ల మీరు సూసిన బియ్యం సంచి, మీ బూట్ల కింద ఉన్నది."

రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. విలేకరి ఒకడు మెల్లగా వంగి బూట్లు పక్కకు జరిపాడు. సంచిని ఫొటో తీసుకుని, ఈ గుర్తు ఎవరిదని పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడికి తెలియలేదు. జట్ల వెనక నిలబడ్డ దిలీప్ చరచరా ఫోన్ తీసి చెవికి పెట్టుకుని దూరంగా నడిచిపోయాడు.

అప్పుడు ఈల మోగింది.

ఆట మొదలుపెట్టే ఈల కాదు. రెండు పొట్టి ఊదులు, ఫౌల్ ఈల. నర్సన్న గీత పక్కన నిలబడి చెయ్యి చాపి, తరిమే ఆటగాడు, చేజర్, వచ్చిన వైపుకే వెనక్కి పోవాలని చూపిస్తున్నాడు. మీటింగులో ఊదాల్సినది ఇవాళ ఊదాడు. చాపిన చెయ్యి దింపలేదు.

ఫౌల్ పడిన చేజర్ వెంటనే తిరిగి, వచ్చిన వైపుకు పోవాలి. ఖోఖో ఆడినవాళ్లెవరికీ దాని గురించి ఆలోచించే పని ఉండదు. ఈల చెవిన పడుతుంది, మడమ తిరుగుతుంది.

రోజా ముందున్న నీడ గిర్రున తిరిగింది. మట్టి మీద జారుతూ స్తంభం వైపు పోయింది. ఒకటి, రెండు, మూడు గళ్లు దాటాక వేగం తగ్గింది, తడబడింది, అక్కడే ఆగిపోయింది. తన కాళ్లు తనను ఎక్కడికి తీసుకుపోతున్నాయో ఆయనకు అప్పటికి తెలిసి ఉంటుంది. జనం చూస్తున్నారు. ఆయన నిలబడ్డ చోటు నుంచి బూట్లు చాలా దూరం.

సుమన తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. చెప్పులు విడిచి, రోజా పక్కన ఖాళీగా ఉన్న నేల మీద మోకాలు ఆనించి కూర్చుంది.

రోజా పిక్కల్లో వణుకు ఇంకా తగ్గలేదు. ఆమె లేవలేదు.